విదేశాల్లో సైకిల్ యాత్ర: బ్రేక్‌డౌన్ కవర్ కొనాలా వద్దా, ఎలా తేల్చుకోవాలి?

సెలవుల లెక్కలు మొదలైన దగ్గర్నుంచి ఇదే ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. ఆదివారం పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ దాటి కరకట్ట మీదుగా అమరావతి వైపు తొక్కేవాళ్లు, గుంటూరు నుంచి కోటప్పకొండ దాకా వెళ్లొచ్చేవాళ్లు ఇప్పుడు డాన్యూబ్ నది ఒడ్డునో, శ్రీలంకలోనో, వియత్నాంలోనో వారం పది రోజులు తొక్కాలనుకుంటున్నారు. టికెట్లు బుక్ చేసేముందు అందరికీ ఒకటే టెన్షన్. "అన్నా, ఊరు కాని ఊళ్లో సైకిల్ ఆగిపోతే ఎవరొస్తారు? దానికేదో బ్రేక్‌డౌన్ కవర్ ఉంటుందంట కదా, తీసుకోవాలా?"

నా జవాబు ముందే చెప్పేస్తాను. మన ఊళ్ల నుంచి వెళ్లే ఎక్కువ మందికి విడిగా బ్రేక్‌డౌన్ కవర్ అక్కర్లేదు, చాలాచోట్ల మనకు అమ్మరు కూడా. వైద్య ఖర్చుల ప్రయాణ బీమా మాత్రం లేకుండా గన్నవరం ఎయిర్‌పోర్టు గడప కూడా తొక్కొద్దు. ఈ రెండింటి మధ్య ఖాళీని అద్దె షాపు షరతులతో, మీ టూల్ సంచితో, టాక్సీకి పక్కన పెట్టుకున్న డబ్బుతో నింపుకోవాలి. ఎలాగో వరుసగా చెబుతాను.

## 1. మూడు కవర్లను కలిపి చూడకండి

ప్రయాణ బీమా. మన దేశంలో కొనేది ఇదే. ఆసుపత్రి ఖర్చులు, పాస్‌పోర్టు పోవడం, లగేజీ పోవడం, విమానం ఆలస్యం వంటివి ఇందులోకి వస్తాయి. యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య కవర్ ఉన్న పాలసీ తప్పనిసరి. సైకిల్ చైన్ తెగితే ఈ పాలసీ పైసా ఇవ్వదు.

సైకిల్ బీమా. సైకిల్ పోయినా, ప్రమాదంలో విరిగినా డబ్బిచ్చేది. ఇక్కడ తీసుకున్న పాలసీ ఐతే విదేశాల్లో చెల్లుతుందో లేదో చూడాలి. చాలా పాలసీలు మన దేశం దాటితే పనిచేయవు.

బ్రేక్‌డౌన్ కవర్. కారు ఆగిపోతే వ్యాన్ వచ్చినట్టు, సైకిల్ ఆగిపోతే ఎవరో ఒకరు వచ్చి అక్కడికక్కడ బాగుచేయడమో, మిమ్మల్నీ సైకిల్‌నీ దగ్గర్లోని రిపేరు షాపుకో, రైల్వే స్టేషన్‌కో, ఆ రాత్రి బసకో చేర్చడమో చేస్తారు. కొత్త చైనుకీ, కొత్త టైరుకీ డబ్బు సాధారణంగా మీరే పెట్టుకోవాలి. అది చేరవేసే సేవ, రిపేరు ఖర్చుల బీమా కాదు. చాలామంది పొరపడేది ఇక్కడే.

## 2. అసలు మీకు అమ్ముతారా?

జర్మనీలో ఏడీఏసీ అనే పెద్ద వాహనదారుల క్లబ్ 2022 జూన్ నుంచి సైకిల్ చెడిపోయినా దేశమంతటా తన సభ్యులకు సాయం చేస్తోంది. నెదర్లాండ్స్‌లో అలాంటి క్లబ్బే అయిన ఏఎన్‌డబ్ల్యూబీకి సైకిళ్ల కోసమే సేవ ఉంది. బ్రిటన్‌లోనూ సైకిల్ రెస్క్యూ పేరుతో కవర్లు అమ్ముతారు. ఇవన్నీ ప్రధానంగా అక్కడ నివసించేవాళ్ల కోసం పెట్టినవి.

డబ్బు కట్టేముందు ఈ మూడు సంగతులు ఈమెయిల్‌లో అడగండి. ఫోన్‌లో చెప్పిన మాట తర్వాత అక్కరకు రాదు.

- భారత పాస్‌పోర్టుతో, భారత చిరునామాతో ఉన్న పర్యాటకుడికి ఈ కవర్ వర్తిస్తుందా?
- అద్దె సైకిల్‌కి వర్తిస్తుందా, సొంత సైకిల్‌కి మాత్రమేనా?
- సభ్యత్వం తీసుకున్న రోజు నుంచే పనిచేస్తుందా, కొన్నాళ్లు ఆగాలా?

మొదటి దానికి "లేదు" అని వస్తే ఆ కవర్ సంగతి వదిలేసి మూడో మెట్టుకి రండి. అక్కడ ఉద్యోగం చేస్తున్న కొడుకో కూతురో సభ్యులైతే వాళ్ల కార్డు మీకూ పనికొస్తుందని అనుకోకండి. కుటుంబ సభ్యత్వంలో ఎవరెవరు వస్తారో, ఒకే ఇంట్లో ఉండాలన్న షరతు ఉందో లేదో వాళ్లనే రాతపూర్వకంగా కనుక్కోమనండి.

## 3. మీ యాత్ర ఏ రకమో చూసుకోండి

ప్యాకేజీ టూర్. లగేజీని ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి వాళ్లే చేరవేస్తారు, సైకిల్ వాళ్లే ఇస్తారు. సాయం చేసే వ్యాన్, ఫోన్ నంబరు ఉంటాయి. విడిగా కవర్ వద్దు.

సొంత సైకిల్. రిపేరు బాధ్యత పూర్తిగా మీదే. మీకు పని వచ్చి ఉండాలి, లేదా తోడొచ్చేవాళ్లలో ఒకరికి వచ్చి ఉండాలి. ఇద్దరికీ రాకపోతే, అక్కడ మీకు అమ్మే కవర్ దొరికితే, తీసుకోవడం మంచిదే.

అద్దె సైకిల్. మనవాళ్లలో ఎక్కువమంది చేసేది ఇదే, ఎక్కువగా దెబ్బతినేదీ ఇక్కడే. నా అనుభవం చెబుతాను.

మా అన్నయ్యా నేనూ జర్మనీ సరిహద్దులోని పస్సౌ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా డాన్యూబ్ వెంట వెళ్లాం. దాదాపు 320 కిలోమీటర్ల దారి అది. అద్దె షాపు కరపత్రం మీద "బ్రేక్‌డౌన్ సర్వీస్ ఉంది" అని పెద్దక్షరాలతో ఉంది. అది చూసి ధైర్యంగా బయల్దేరాం.

రెండో రోజు నది దాటించే చిన్న బోటు ఎక్కుతుంటే అన్నయ్య సైకిల్ కుడివైపుకి పడింది. లేపి చూస్తే బాగానే ఉందనిపించింది. పది నిమిషాలు తొక్కాక ఎత్తు వచ్చిందని వెనక పెద్ద పళ్లచక్రం మీదికి గేరు మార్చాడు. చైన్‌ని పక్కకి జరిపే భాగం, అదే డీరైలర్, చువ్వల్లో ఇరుక్కుంది. కటకటమని చప్పుడు, చక్రం బిగుసుకుపోయింది. దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క, హ్యాంగర్ అంటారు, బోటు దగ్గర పడ్డప్పుడే లోపలికి వంగిందన్నమాట. వెనక నుంచి ఒకసారి చూసి ఉంటే తెలిసేది.

షాపుకి ఫోన్ చేశాం. ఆ రోజు ఆదివారం. వాళ్ల సర్వీస్ వారంలో పనిరోజుల్లోనే, అదీ మేమే సైకిల్‌ని పక్క పట్టణంలోని వాళ్ల కేంద్రానికి తీసుకొస్తే! ఆస్ట్రియాలో ఆదివారం షాపులు మూసే ఉంటాయి. చివరికి బస చేసిన ఇంటావిడ పిలిచిన వ్యాన్ టాక్సీకి 70 యూరోలు ఇచ్చి బయటపడ్డాం. షాపువాళ్లు అబద్ధం చెప్పలేదు. షరతులు ఒప్పంద పత్రం వెనక ఉన్నాయి, మేమే చదవలేదు.

కాబట్టి అద్దె షాపుకి బుక్ చేసేముందు ఈ ప్రశ్నలు పంపండి.

- సైకిల్ దారిలో ఆగిపోతే మీరే వస్తారా, మేమే మీ దగ్గరికి తేవాలా?
- ఆదివారం, సాయంత్రం ఆరు తర్వాత ఎవరైనా ఫోన్ ఎత్తుతారా?
- ఎన్ని కిలోమీటర్ల లోపు వస్తారు? మేం వెళ్లే దారి మొత్తం అందులో ఉందా?
- బాగుకాకపోతే మారు సైకిల్ ఎంతసేపట్లో ఇస్తారు?
- మేం టాక్సీలో వెళ్లినా, బయట షాపులో రిపేరు చేయించినా బిల్లు చూపిస్తే తిరిగి ఇస్తారా? ఎంతవరకు?
- పంచర్ ఖర్చు ఎవరిది? పంపు, ట్యూబ్, టైరు విప్పే లివర్లు సైకిల్‌తో ఇస్తారా?
- దొంగతనం జరిగితే మేం ఎంత కట్టాలి? ఆ మొత్తాన్ని తగ్గించే అదనపు కవర్ ఉందా?

చివరి ప్రశ్నకి వచ్చే జవాబు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. రోజుకు కొద్ది యూరోలతో అద్దె షాపులే అమ్మే దొంగతనం కవర్ చాలామందికి బ్రేక్‌డౌన్ కవర్ కన్నా ఉపయోగం. మంచి సైకిల్ పోతే మీద పడే మొత్తం వేల యూరోల్లో ఉంటుంది, బ్రేక్‌డౌన్‌లో పోయేది ఒక టాక్సీ కిరాయి.

## 4. దారిని కాగితం మీద పెట్టి లెక్క వేయండి

మ్యాప్ తీసి ఏ రోజు ఎక్కడ నుంచి ఎక్కడికో రాసుకోండి. ప్రతి రోజు పక్కన మూడు సంగతులు నింపండి: రైల్వే స్టేషన్ ఎంత దూరంలో ఉంది, సైకిల్ షాపు ఎంత దూరంలో ఉంది, ఆ దారికి కారు రాగలదా.

మూడోది చాలామంది అడగరు. సైకిళ్లకే ఉన్న నది గట్టు దారి మీదో, అడవి బాట మీదో ఆగిపోతే బ్రేక్‌డౌన్ వ్యాన్ రాదు. పక్కా రోడ్డు దాకా మీరే నడిపించుకుని రావాలి. కవర్ కొన్నా కొనకపోయినా ఆ నడక తప్పదు.

ఇప్పుడు ఖర్చు. యూరోకు వంద రూపాయలు అనుకుందాం. వ్యాన్ టాక్సీ ఒకసారికి 70 యూరోలు, అంటే ఏడు వేలు. పది రోజుల యాత్రలో అలాంటిది ఒకసారి జరుగుతుందని అనుకోవడమే జాగ్రత్తపరుడి లెక్క. ఇద్దరికీ కలిపి కవర్ ధర అందులో సగం, అంటే మూడున్నర వేలు దాటితే నేను కొనను. ఆ డబ్బు విడిగా పర్సులో పెట్టుకుంటాను. ఏమీ జరక్కపోతే అది నా దగ్గరే ఉంటుంది.

ఈ లెక్క దేశాన్ని బట్టి మారుతుంది.

డాన్యూబ్ దారి, నెదర్లాండ్స్. ఊళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, సైకిల్ షాపులు ఎక్కువ, రైళ్లలో సైకిల్‌కి టికెట్ కొని ఎక్కించుకోవచ్చు. నెదర్లాండ్స్‌లో పనిరోజుల్లో ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో మామూలు సైకిల్‌ని రైలెక్కనివ్వరు. మడత సైకిల్‌కి ఆ బాధ లేదు. విడి కవర్ అవసరం తక్కువ.

శ్రీలంక. ప్రతి మలుపులోనూ ఆటో దొరుకుతుంది, ముందు చక్రం విప్పితే సైకిల్ అందులో పడుతుంది. మనలాగే ఎడమవైపు నడిచే ట్రాఫిక్. మామూలు సైకిల్ రిపేరు ప్రతి ఊళ్లో అవుతుంది, గేర్ల సైకిల్ భాగాలు మాత్రం పెద్ద పట్టణాల్లోనే. భాగాలు మోసుకెళ్లండి, కవర్ గురించి ఆలోచించకండి.

వియత్నాం. మోటారు సైకిళ్ల పంచర్ షాపులు అడుగడుగునా ఉంటాయి. వాళ్ల గాలి గొట్టం సన్నటి ప్రెస్టా వాల్వుకి పట్టదు. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి ఉంటే పట్టేస్తుంది. రెండు కొనుక్కోండి, ఒకటి ఎక్కడో పడిపోతుంది.

ఆల్ప్స్ కొండ దారులు, ఒంటరి ప్రయాణం, ఎలక్ట్రిక్ సైకిల్. ఈ మూడింట్లో ఏ రెండు కలిసినా కవర్ కోసం గట్టిగా వెతకండి. 25 కిలోల ఎలక్ట్రిక్ సైకిల్ ఛార్జ్ అయిపోయి కొండ మీద ఆగితే దాన్ని ఒంటరిగా పైకి ఎక్కించడం చాలా కష్టం.

## 5. కొనేట్టయితే పాలసీలో చదవాల్సిన లైన్లు

మొదటి పేజీ వదిలేసి "వర్తించనివి" అన్న భాగం తెరవండి. పెన్ను పట్టుకుని ఇవి వెతకండి.

- బస చేసిన చోటు నుంచి ఎంత దూరం దాటాక సేవ మొదలవుతుంది?
- పంచర్ వర్తిస్తుందా? పంపు, ట్యూబ్ మీ దగ్గర లేకపోతే రామంటారా?
- ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీ అయిపోతే వస్తారా?
- ఏడాదికి, లేదా ట్రిప్పుకి ఎన్నిసార్లు?
- మీ ఒక్కరినే తీసుకెళ్తారా, తోడున్నవాళ్లను కూడానా?
- దొంగతనం జరిగినప్పుడూ చేరవేస్తారా?

ఇదే పద్ధతిలో మీ ప్రయాణ బీమా కూడా చదవాలి. ఇది ఇంకా ముఖ్యం. "సాహస క్రీడలు వర్తించవు" అన్న లైను దాదాపు అన్ని పాలసీల్లో ఉంటుంది. రోడ్డు మీద సైకిల్ తొక్కడం అందులోకి వస్తుందా, కొండ బాటల మీద మౌంటెన్ బైకింగ్ వస్తుందా అని బీమా కంపెనీకి ఈమెయిల్ పంపి, జవాబు ప్రింట్ తీసి పెట్టుకోండి.

ఎలక్ట్రిక్ సైకిల్ అద్దెకు తీసుకునేవాళ్లు ఇంకొకటి అడగాలి. యూరప్‌లో 250 వాట్ల మోటారుతో, తొక్కుతున్నప్పుడు మాత్రమే సాయం చేస్తూ, గంటకు 25 కిలోమీటర్ల దగ్గర సాయం ఆపేసే సైకిల్‌ని మామూలు సైకిల్‌గానే చూస్తారు. గంటకు 45 దాకా వెళ్లేది చట్టం దృష్టిలో మోటారు వాహనం. మీ బీమా కంపెనీ దేన్ని ఎలా చూస్తుందో రాతలో తీసుకోండి.

ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే కట్టాల్సిన పరిహారం, అంటే పర్సనల్ లయబిలిటీ, మీ పాలసీలో ఉందో లేదో, సైకిల్ మీద ఉన్నప్పుడు జరిగితే వర్తిస్తుందో లేదో కూడా చూడండి. సైకిల్ దారిలో నడుస్తున్న పెద్దావిడను ఢీకొడితే అయ్యే ఖర్చు ముందు ఏ టాక్సీ బిల్లూ లెక్కలోకి రాదు.

## 6. ఇక్కడే చేసుకోవాల్సిన సిద్ధం

బయల్దేరడానికి నాలుగు వారాల ముందు మొదలుపెట్టండి. చివరి వారంలో కొత్త భాగాలు వేయిస్తే అవి కుదురుకునే లోపే విమానం ఎక్కాల్సి వస్తుంది.

మొదటి వారం: మెకానిక్ దగ్గర కూర్చోండి. సైకిల్ ఇచ్చేసి సాయంత్రం వస్తానని వెళ్లిపోకండి. స్టూలు వేసుకుని పక్కనే కూర్చుని చూడండి. చైన్ సాగిందా, బ్రేక్ ప్యాడ్లు అరిగాయా, చక్రాల బెండు తీయాలా, టైరు పక్కగోడల్లో పగుళ్లున్నాయా అని ఒక్కొక్కటీ అడగండి. గుంటూరులో నేను వెళ్లే మెకానిక్ బాబాయి చువ్వలన్నీ రెండేసి కలిపి వేళ్లతో నొక్కుతూ చక్రం చుట్టూ వస్తాడు. ఒక చోట ఆగి "ఇది లూజుంది, ఇంకో వంద కిలోమీటర్లకి పక్కదాన్ని కూడా తెంపుద్ది" అని చెబుతాడు. ఆ నొక్కడం నేర్చుకోండి. ప్రయాణంలో రోజూ పొద్దున ఒక నిమిషం పని.

రెండో వారం: నాలుగు పనులు మీ చేత్తో చేయండి. ట్యూబ్ మార్చడం, చైన్ తెంచి క్విక్ లింక్‌తో (టూల్ లేకుండానే చైన్ కొసలు కలిపే చిన్న లింకు) కలపడం, బ్రేక్ ప్యాడ్ మార్చడం, హ్యాంగర్ విప్పి కొత్తది బిగించడం. ఒకసారి చూస్తే రాదు. ఒక్కొక్కటీ మూడుసార్లు చేయండి, మూడోసారి రాత్రి టార్చ్ వెలుగులో చేయండి. వెనక చక్రం ట్యూబ్ పదిహేను నిమిషాల్లో మార్చగలిగితే మీకు బ్రేక్‌డౌన్ కవర్ అవసరం సగానికి సగం తగ్గినట్టే.

ట్యూబ్ మార్చేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది. పాత ట్యూబ్ తీసేసి కొత్తది పెట్టేస్తారు, ముల్లు మాత్రం టైరులోనే ఉంటుంది. కరకట్ట పక్క మట్టిలో పల్లేరుకాయ గుచ్చుకున్న ప్రతివాళ్లకీ ఇది తెలుసు. టైరు లోపల గుడ్డతో మెల్లగా తుడవండి, పోగు ఎక్కడ చిక్కుకుంటే ముల్లు అక్కడే ఉంటుంది. కొత్త ట్యూబ్ ఆ తర్వాతే.

మూడో వారం: పూర్తి బరువుతో తొక్కండి. విజయవాడ నుంచి అమరావతి గుడి దాకా వెళ్లి రండి, రానూపోనూ 70 కిలోమీటర్లు పైనే అవుతుంది. అక్కడ మోసుకెళ్లబోయే సంచులన్నీ కట్టుకునే వెళ్లండి. ఏ స్క్రూ వదులవుతుందో, క్యారియర్ ఎక్కడ ఊగుతుందో ఇక్కడే బయటపడాలి. మర్నాడు మళ్లీ తొక్కండి. వరుసగా రెండు రోజులు తొక్కితేనే సీటు ఎత్తు తప్పని మోకాలు చెబుతుంది.

నాలుగో వారం: సంచి సర్దండి. కొత్త భాగాలేవీ వేయించకండి.

టూల్ సంచిలో ఉండాల్సినవి:

- సైకిల్ సైజుకి సరిపోయే ట్యూబులు రెండు, ప్యాచ్‌లు, సొల్యూషన్
- చేతి పంపు, టైరు లివర్లు, వాల్వ్ అడాప్టర్లు రెండు
- అలెన్ కీలు, చిన్న పానా, చైన్ తెంచే టూల్
- మీ గేర్ల సంఖ్యకి సరిపోయే క్విక్ లింకులు రెండు
- మీ ఫ్రేముకే సరిపోయే హ్యాంగర్ ఒకటి. ఒక కంపెనీది ఇంకో కంపెనీకి పట్టదు, అక్కడ వెతకడం దండగ
- సరైన పొడవు చువ్వలు మూడు, చువ్వలు తిప్పే కీ
- బ్రేక్ ప్యాడ్లు ఒక జత, గేరు తీగ, బ్రేకు తీగ
- పాత టైరు నుంచి అగ్గిపెట్టె అంత ముక్క. టైరు చీలితే లోపల అడ్డం పెట్టడానికి
- జిప్ టైలు, ఇన్సులేషన్ టేపు, పాత బనీను గుడ్డ

అద్దె సైకిలైతే ఇందులో సగం అక్కర్లేదు. అలెన్ కీలు, ప్యాచ్‌లు, టేపు, జిప్ టైలు మాత్రం తీసుకెళ్లండి. ట్యూబ్ అక్కడ సైకిల్ చూశాకే కొనండి. నెదర్లాండ్స్ ఊరి సైకిళ్లకి మన మామూలు సైకిల్ లాంటి వాల్వే ఎక్కువగా ఉంటుంది.

## 7. విమానం, కస్టమ్స్

సైకిల్ కొన్న షాపులో అడిగితే కొత్త సైకిల్ వచ్చిన అట్టపెట్టె ఇస్తారు. పెడళ్లు, ముందు చక్రం విప్పండి, హ్యాండిల్ తిప్పండి, టైర్లలో గాలి కొంత తీయండి. డీరైలర్‌ని విప్పి గుడ్డలో చుట్టి చైన్ పక్కన ఫ్రేముకి కట్టేయండి. పెట్టెలో వంగిపోయేది ముందుగా అదే. హైదరాబాద్ నుంచి ఎగిరేవాళ్లు బస్సు డిక్కీలో ఆ పెట్టె పడుతుందో లేదో ముందే కనుక్కోండి.

160 వాట్ అవర్ దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలో ఎక్కించనివ్వరు. ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీలు మామూలుగా దానికి రెండు మూడు రెట్లు ఉంటాయి. కాబట్టి ఎలక్ట్రిక్ సైకిల్ కావాలంటే అక్కడ అద్దెకే.

ఖరీదైన సొంత సైకిల్ ఐతే బయల్దేరే రోజు ఎయిర్‌పోర్టులో, చెక్-ఇన్‌కి ముందే, కస్టమ్స్ వాళ్ల దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. ఫ్రేము నంబరు, కొన్న బిల్లు చూపించాలి. అది లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు సైకిల్ అక్కడ కొన్నది కాదని నిరూపించుకోవడం మీ మీద పడుతుంది. దీనికోసం గంట ముందుగా చేరండి.

దిగాక పెట్టె చిరిగి ఉంటే అక్కడే విప్పి చూడండి. ఏదైనా విరిగితే ఎయిర్‌పోర్టు వదలకముందే విమాన సంస్థ కౌంటర్‌లో లగేజీ నష్టం రిపోర్టు రాయించండి. అంతర్జాతీయ ప్రయాణంలో లగేజీ దెబ్బతింటే అందుకున్న 7 రోజుల్లోగా, ఆలస్యమైతే చేతికొచ్చిన 21 రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. గడువు దాటితే దారి మూసుకుపోతుంది.

## 8. దారిలో ఆగిపోతే ఏ వరుసలో ఏం చేయాలి

1. రోడ్డు పక్కకి రండి. మనుషులకు దెబ్బ తగిలిందేమో ముందు చూడండి. తగిలితే యూరప్‌లో 112 కి ఫోన్ చేయండి, మన దగ్గర వాడే నంబరే. ఆసుపత్రిలో చేరేముందు, కుదరకపోతే చేరిన వెంటనే, ప్రయాణ బీమా వాళ్ల సహాయ నంబరుకి చెప్పండి.

2. మ్యాప్‌లో మీరున్న చోటు స్క్రీన్‌షాట్ తీయండి. చెడిపోయిన భాగం ఫొటో తీయండి.

3. మీ చేతిలో అయ్యే పనేనా చూడండి. చువ్వ తెగితే దాన్ని పక్క చువ్వకి చుట్టి టేపు వేయండి. రిమ్ము బ్రేకుకి తగులుతుంటే బ్రేకు కొంచెం వదులు చేసి, వెనక సంచులు తోడున్నవాళ్ల సైకిల్‌కి మార్చి, మెల్లగా పక్క ఊరు చేరండి. డీరైలర్ విరిగితే దాన్ని తీసేసి, చైన్ తెంచి పొట్టి చేసి, మధ్య పళ్లచక్రం మీద ఒకే గేరుగా కలపండి. చదునైన దారిలో ఇరవై కిలోమీటర్లు హాయిగా వెళ్లొచ్చు.

4. అరగంటలో కాకపోతే ఆపేసి ఫోన్ తీయండి. చీకటి పడేదాకా దానితో కుస్తీ పట్టొద్దు.

5. ముందు అద్దె షాపుకి, తర్వాత కవర్ ఉంటే వాళ్లకి, ఆ తర్వాత ఆ రాత్రి బసకి ఫోన్ చేయండి. బసవాళ్లకి ఊళ్లో వ్యాన్ ఎవరికుందో తెలుస్తుంది. మాకు ఆ రోజు పనికొచ్చింది ఆ ఫోనే.

6. టాక్సీకైనా, రిపేరుకైనా తేదీ ఉన్న బిల్లు అడిగి తీసుకోండి.

## 9. ఎక్కువమంది చేసే తప్పులు

నంబర్లన్నీ ఫోన్‌లోనే పెట్టుకోవడం. సైకిల్‌తో పాటు ఫోనూ పడుతుంది. నంబర్లు, పాలసీ నంబరు, బస చిరునామాలు కాగితం మీద రాసి సంచిలో పెట్టండి. ఒక కాపీ ఇంట్లోవాళ్లకి ఇవ్వండి.

ప్రయాణ బీమాను దిగాక కొనొచ్చనుకోవడం. మన పాలసీలు సాధారణంగా దేశం వదలకముందే మొదలవ్వాలి.

అద్దె సైకిల్ తీసుకునేటప్పుడు తొందరపడటం. షాపు ముందే పది నిమిషాలు తొక్కండి, గేర్లన్నీ మార్చి చూడండి, వెనక నుంచి డీరైలర్ నిటారుగా ఉందో లేదో చూడండి. పాత గీతలకి వీడియో తీసుకోండి.

సైకిల్ పడ్డాక లేపి వెంటనే ఎక్కేయడం. కుడివైపు పడితే పెద్ద పళ్లచక్రం మీదికి మార్చేముందు ఆగి చూడండి. మా అన్నయ్య చేసిన తప్పు మీరు చేయకండి.

## 10. తిరిగొచ్చాక క్లెయిమ్

బిల్లులు, ఫొటోలు, ఫోన్ చేసిన సమయాలు, బోర్డింగ్ పాస్‌లు, పాస్‌పోర్టు స్టాంపుల కాపీలు ఒకే కవర్లో పెట్టండి. దొంగతనమైతే అక్కడి పోలీసు రిపోర్టు లేకుండా ఎవరూ మాట వినరు. అది అక్కడున్నప్పుడే తీసుకోవాలి.

అద్దె షాపు టాక్సీ డబ్బు ఇస్తానని ఈమెయిల్‌లో రాసి ఉంటే ఆ ఈమెయిల్‌కే జవాబుగా బిల్లు పంపండి, కొత్తగా మొదలుపెట్టకండి. ప్రయాణ బీమా క్లెయిమ్ నిరాకరిస్తే ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్, అంటే బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి, దగ్గరికి వెళ్లొచ్చు. మన ఆంధ్రప్రదేశ్ హైదరాబాద్ ఆఫీసు కిందికి వస్తుంది, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఏడాదిలోపు వెళ్లాలి. బయల్దేరేముందు ప్రింట్ తీసి పెట్టుకోమన్న ఆ ఈమెయిల్ కాగితాన్ని ఫిర్యాదుకి అన్నిటికన్నా పైన జతచేయండి.